కంప్యూటరు కావలి యెవరి పని?

పూర్వము మన పల్లెలయందు రాత్రివేళ తలారి యూరు చుట్టి కావలి గాయుచుండెడివాడు. తలారి యున్నాడు గదా యని గృహస్థు లెవరును తలుపులు తెఱచి నిద్రించెడివారు కారు. ఊరి కావలి తలారిది, తలుపు గడియ యింటివానిది. ఈ రెండు బాధ్యతలలో నొకదానిని జూపి రెండవదానిని మన పెద్దలు మానలేదు. నేడు మన సొత్తులో మిక్కిలి భాగము పెట్టెలనుండియు బీరువాలనుండియు లేచి కంప్యూటరులలోనికిని చేతి ఫోనులలోనికిని బోయినది. పాఠశాల ప్రవేశపు పట్టికలు, మార్కులు, జీతముల లెక్కలు, వర్తకుని ఖాతాలు, ఆసుపత్రిలోని రోగుల వివరములు, తల్లిదండ్రుల బ్యాంకు నిల్వలు, ఇవన్నియు నిప్పు డా యంత్రములయందే యున్నవి. సొత్తు చోటు మాఱినది. కావలిని గూర్చిన మన యాలోచన మాత్రము మాఱలేదు.

"ఈ యంత్రములకు కావలి యెవరు?" అని యడిగినచో సాధారణముగ రెండు ప్రత్యుత్తరములు వినబడును. "అది యింజనీర్ల పని, మన కేమి తెలియును?" అనునది మొదటిది. "మనము చిన్నవారము, మనయొద్ద దోచుకొనుట కేమున్నది?" అనునది రెండవది. ఈ రెండును తప్పని నా దృఢమైన యభిప్రాయము. ఇతరుల పేరులు, ధనము, ఆరోగ్యవార్తలు తన యంత్రమున నుంచుకొనిన ప్రతివాడును వారికి గృహనిర్వాహకుడు. అట్టివాడు లెక్క యొప్పగింపవలసిన దినము వచ్చును. కంప్యూటరును జాగ్రత్తగ నుంచుట యీ గృహనిర్వాహకత్వములో నొక భాగమని గ్రహించినచో, ఇది యెవరి పని యను ప్రశ్నకు సమాధానము సులభముగ దొరకును.

మొదట విషయమును దెలిసికొందము. సాఫ్టువేరనగా యంత్రము నడచుటకై మనుష్యులు వ్రాసియిచ్చిన యాజ్ఞల సంపుటము. పెద్ద సాఫ్టువేరులలో నిట్టి యాజ్ఞలు కోట్లకొలది పంక్తు లుండును. మనుష్యులు కూర్చిన పుస్తకములో నచ్చుతప్పు లున్నట్లే వీనిలోను తప్పు లుండును. అయితే యచ్చుతప్పు పాఠకుని విసిగించి యూరకుండును. సాఫ్టువేరులోని తప్పులు కొన్ని గోడకు బడిన కన్నము వంటివి. వానిగుండ పరాయివాడు లోనికి జొచ్చి మన పత్రములను చదువవచ్చును, మార్చవచ్చును, తానే తాళము వేసికొని మనలను వెలుపల నిలుపవచ్చును. తప్పు బయటపడినప్పుడు సాఫ్టువేరును తయారుచేసినవారు దానిని సవరించి దిద్దుబాటు పంపుదురు. దీనినే యప్‌డేటు అందురు. దిద్దుబాటు వెలువడిన దినముననే దుండగులకును కన్నము జాడ దొరకును. ఏలయన దిద్దినచోటును పరిశీలించి, తప్పెక్కడ నుండెనో వారు కనుగొనగలరు. కావున అప్‌డేటు వచ్చిన పిమ్మట నాలస్యము చేసినకొలది యపాయము పెరుగుచుండును.

దుండగుడు ప్రవేశించు ద్వారములు రెండు గలవు. ఒకటి యంత్రములోని తప్పు, రెండవది మనుష్యుని మనస్సు. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో రాబర్టు మోరిస్ అను విశ్వవిద్యాలయ విద్యార్థి విడిచిన యొక ప్రోగ్రాము, సాఫ్టువేరు తప్పులను సులువైన పాస్‌వర్డులను ఆధారము చేసికొని, తనంతట తానే యొక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు బ్రాకెను. అప్పటి యింటర్నెట్టులో సుమారు 6,000 యంత్రములు దానికి జిక్కెనని యంచనా. ఇది మొదటి ద్వారము. 2000 మే నెలలో ఫిలిప్పీన్సు దేశమునుండి బయలుదేరిన యొక వైరసు, నిన్ను ప్రేమించుచున్నానను శీర్షికతో ఈమెయిలుగా వచ్చెను. దానితో వచ్చిన పత్రమును దెఱచిన ప్రతివాని చిరునామాల పట్టికలోని వారి కందఱకు అది తన ప్రతిని పంపుకొని, కొలది దినములలో లోకమంతట లక్షలకొలది యంత్రములకు వ్యాపించెను. తెలిసినవారి పేరుతో వచ్చిన ప్రేమలేఖను తెఱవక యుండువారు కొందఱే గదా! ఇది రెండవ ద్వారము. నేటి కంప్యూటరు దోపిడులలో మిక్కిలి భాగము ఈ రెంటిలో నొకదానినుండియో, రెంటినుండియో వచ్చుచున్నవి.

మొదటి ద్వారమును నిర్లక్ష్యము చేసిన ఫల మెట్టిదో 2017వ సంవత్సరమున లోకము చూచినది. ఆ కథలోని నీతి తేదీలలోనే యున్నది గనుక తేదీలతో సహా చెప్పెదను. మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోసులోని యొక పెద్ద కన్నమునకు దిద్దుబాటు వెలువరించెను. ఏప్రిల్ 14వ తేదీన, ఆ కన్నముగుండ జొచ్చుటకు వలయు పనిముట్టును 'షాడో బ్రోకర్స్' అను పేరుగల యజ్ఞాతబృందము బహిరంగపఱచెను. మే 12వ తేదీన 'వానాక్రై' అను దుష్టప్రోగ్రాము ఆ పనిముట్టుతోనే బయలుదేరెను. మందు వచ్చిన దినమునకును తెగులు వచ్చిన దినమునకును నడుమ 59 దినములు గడచినవి.

ఆ ప్రోగ్రాము తాను జొచ్చిన కంప్యూటరులోని పత్రములను రహస్యలిపిలోనికి మార్చి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిను చెల్లించినగాని తిరిగి యీయనని తెరమీద బెదరించెను. మూడు దినములు దాటినచో సొమ్ము రెట్టింపగునని చెప్పెను. 150 దేశములలో 2 లక్షలకు మించిన యంత్రములు దానికి జిక్కినవి. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యసేవకు జెందిన 236 ట్రస్టులలో మూడవవంతునకు దెబ్బ తగిలెను. ముందుగ నేర్పఱచుకొనిన వైద్యపరీక్షలును శస్త్రచికిత్సలును కలిపి 19,000కు మించి రద్దయ్యెనని యంచనా వేసిరి. కొన్నిచోట్ల అత్యవసర రోగులను దూరపు టాసుపత్రులకు దీసికొనిపోవలసివచ్చెను. మన యాంధ్రప్రదేశమందును కొన్ని జిల్లాలలోని పోలీసు కార్యాలయముల కంప్యూటరులకు ఈ తెగులు సోకెను. చివరకు మార్కస్ హచిన్స్ అను ఆంగ్లేయ యువకుడు ఆ ప్రోగ్రామును పరిశీలించి, అది యొక వింత చిరునామా కొఱకు వెదకుచున్నదని కనుగొని, ఆ చిరునామాను తన పేర నమోదు చేయించెను. అది జవాబీయగానే ప్రోగ్రాము వ్యాపించుట మానెను.

బ్రిటిషు జాతీయ ఆడిట్ కార్యాలయము ఆ సంవత్సరము అక్టోబరు నెలలో నివేదిక ప్రకటించుచు, ఇది గొప్ప చాతుర్యముతో జేసిన దాడి కాదనియు, సాధారణమైన జాగ్రత్తలు దీసికొనియుండినచో నివారింపబడియుండెడిదనియు దేల్చెను. తెగులు సోకిన యంత్రములలో నధికభాగము మిక్కిలి పాతవి గూడ కావు. దిద్దుబాటు పొందుటకు హక్కు గలిగియు, దానిని వేసికొనని యంత్రములు. ఇందు నింద నొక్కరిమీదనే మోపరాదు. ఆ కన్నమును ముందుగనే యెఱిగిన అమెరికా జాతీయ భద్రతా సంస్థయొద్దనుండియే యా పనిముట్లు దొంగిలింపబడెనని మైక్రోసాఫ్టు అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ బహిరంగముగ విమర్శించెను. తప్పుతో గూడిన సరకు నమ్మినవారికి నిందలో భాగము గలదు. అయినను, మందు బల్లమీద నుండగా రెండు మాసములు త్రాగనివాడు వైద్యుని నొక్కనినే దూషించుట న్యాయము కాదు. ఆ దినమున నష్టపడినది యంత్రముల యజమానులు కారు. శస్త్రచికిత్సకై యెదురుచూచి యింటికి మరలిన రోగులు. ఒకని యశ్రద్ధకు మఱియొకడు వెల చెల్లించుటయే యీ విషయములోని గొప్ప యన్యాయము.

ఇక్కడ నొక యాక్షేపము రాగలదు. "దిద్దుబాట్లే హాని చేసిన సందర్భములు లేవా?" అని యడుగుదురు. ఉన్నవి, వానిని దాచుట సత్యసంధులకు దగదు. అదే 2017 జూన్ 27వ తేదీన, యుక్రెయిను దేశపు వర్తకులు పన్ను లెక్కలకై వాడుచుండిన ఎం.ఇ.డాక్ అను సాఫ్టువేరు అప్‌డేటులోనే దుండగులు విషము గలిపిరి. 'నాట్‌పెట్యా' అని పేరొందిన ఆ ప్రోగ్రాము డెన్మార్కు దేశపు మేర్స్క్ ఓడల సంస్థనుగూడ స్తంభింపజేసెను. ఆ సంస్థవారు 4,000 సర్వర్లను 45,000 కంప్యూటరులను పది దినములలో మరల నెలకొల్పవలసివచ్చెను. మఱియు 2024 జూలై 19వ తేదీన, కంప్యూటరులకు కావలి గాయుటయే వృత్తిగా గల క్రౌడ్‌స్ట్రైక్ అను సంస్థ పంపిన దోషముగల యప్‌డేటు వలన 85 లక్షల విండోసు యంత్రములు పడిపోయెను. అందు దుండగుడు లేడు, కావలివాని పొరపాటే. ఆ దినమున హైదరాబాదు విమానాశ్రయమందు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ప్రయాణికులకు ఈయబడెను.

ఈ సంఘటనలు దిద్దుబాటు మానుమని చెప్పుట లేదు. ఒకానొక మందు వికటించినదని మందులన్నిటిని మానువాడు బ్రదుకడు గదా. దిద్దుబాటుతోపాటు నకలు గూడ నుండవలెనని యవి చెప్పుచున్నవి. మేర్స్క్ సంస్థలో యంత్రములన్నిటి పేరులను అనుమతులను దెలుపు ముఖ్యమైన పట్టిక యన్నిచోట్ల నశించినను, ఘానా దేశమందలి యొక కార్యాలయములో మాత్రము మిగిలెను. దాడి జరిగిన వేళ నక్కడ విద్యుత్తు పోయి, సర్వరు ఆగియుండుటయే దానికి గారణము! ఆ యొక్క ప్రతి యాధారముగ సంస్థ మరల లేచినది. అంత పెద్ద సంస్థను గాపాడినది అదృష్టము. మనము దానినే ముందుచూపుతో జేసికొనవచ్చును. మన పత్రముల నకలు ఒకటి యెప్పుడును కంప్యూటరునుండియు, వైరునుండియు, ఇంటర్నెట్టునుండియు వేఱుగా నుండవలెను. కంప్యూటరునకు సదా తగిలించియుంచిన డిస్కు నకలు కాదు. కంప్యూటరునకు వచ్చిన తెగులు దానికిని వచ్చును. నకలు దీసిన చాలదు, దానినుండి పత్రమును దిరిగి తెఱచి చూడవలెను. తెఱువబడని నకలు, చూడని విత్తనపు గాదె వంటిది. పురుగు బట్టినదో లేదో విత్తు దినమున గాని తెలియదు.

ఇక రెండవ ద్వారమునకు వత్తము. తెలుగు దేశములలోని గృహస్థుల కిది మొదటిదానికన్న నెక్కువ ప్రమాదకరము. బ్యాంకునుండి మాటాడుచున్నానని యొకడు ఫోను చేసి ఓ.టి.పి. యడుగును. పొరపాటున మీకు డబ్బు పంపితిని, తిరిగి తీసికొనుటకు పిన్ నొక్కుడని మఱియొకడు కోరును. పెండ్లి శుభలేఖయనియు, వాహనపు జరిమానా చీటియనియు చెప్పి వాట్సాప్‌లో ఏ.పి.కె. ఫైలు పంపుదురు, దానిని నొక్కి స్థాపించినచో మన ఫోనునకు వచ్చు సందేశములు వారి చేతికి జిక్కును. అన్నిటికన్న క్రూరమైనది 'డిజిటల్ అరెస్టు' అను పేరుగల మోసము. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో గనబడి, మీ పేర వచ్చిన పార్సిలులో మత్తుపదార్థము లున్నవనియు, ఎవరికిని చెప్పక గదిలోనే యుండవలెననియు భయపెట్టి, గంటలకొలది, దినములకొలది బంధించి, జీవితకాలపు నిల్వను లాగికొనును. మన చట్టములయందు డిజిటల్ అరెస్టు అనునది లేనేలేదు. 2024 అక్టోబరు 27వ తేదీన ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగములో ఈ సంగతినే దేశమునకు హెచ్చరికగా జెప్పెను.

ఈ మోసములన్నిటిలోను మూడు లక్షణములు సమానముగ గనబడును: తొందర, భయము లేక యాశ, రహస్యము. "వెంటనే చేయుము, చేయనిచో నష్టము, ఎవరికిని చెప్పకుము" అను మూడు మాటలు కలిసి వచ్చినచో, మాటాడువాడు దొంగ యని యెఱుగుడు. నిజమైన బ్యాంకువాడు ఓ.టి.పి. యడుగడు. డబ్బు పుచ్చుకొనుటకు యు.పి.ఐ. పిన్ అక్కఱలేదు, పిన్ నొక్కుట యనగా డబ్బు పంపుటయే. ఫోను పెట్టివేసి, పాస్‌బుక్కుమీద నచ్చయిన సంఖ్యకు మనమే తిరిగి ఫోను చేయుట యన్నిటికన్న మంచి పరీక్ష.

మోసపోయినవారిని గూర్చి నా యభిప్రాయ మొకటి గట్టిగ జెప్పవలసియున్నది. మన యిండ్లయందు మోసపోయిన తల్లినిగాని తాతనుగాని "ఇంత తెలివితక్కువతనమా?" అని గద్దించు నలవాటు గలదు. ఈ గద్దింపునకు భయపడియే యనేకులు జరిగినది దాచుదురు. దొంగకు గావలసిన దదియే. దోచిన సొమ్ము కొలది గంటలలోనే యొక ఖాతానుండి పలు ఖాతాలకు బోవును. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి చెప్పినచో నడుమనే నిలుపుటకు వీలున్నది. గద్దింపు వలన నొక రాత్రి గడచినచో నా యవకాశము పోవును. కావున మోసపోయినవానిని సిగ్గుపఱచువాడు తెలియకయే దొంగకు సహాయకు డగుచున్నాడు. విద్యావంతులును, వైద్యులును, విశ్రాంతి దీసికొనిన యుద్యోగులును ఈ వలలలో బడియున్నారు. తెలివిగలవాడు తొందరలో నుండుటయు, నొంటరిగ నుండుటయు దొంగకు జాలును. పిల్లలారా, మీ యిండ్లలో మొదటి మాట "అయ్యో, ఇప్పుడే ఫోను చేయుదము" అని యుండవలెను.

వర్తకులకును కార్యాలయముల వారికిని ప్రత్యేకముగ జెప్పవలసినవి కొన్ని గలవు. మొదటిది, దొంగసరకు సాఫ్టువేరు. లెక్కల సాఫ్టువేరును ధర చెల్లించి కొనక, తాళము పగులగొట్టిన ప్రతిని వాడుట మన బజారులలో మామూలుగ నున్నది. ఇది దొంగతన మగుటయేగాక యవివేకము గూడ. తాళము పగులగొట్టినవా డెవడో మన కెఱుక లేదు. వాడు లోపల నేమి పెట్టెనో యెఱుక లేదు. దానికి దిద్దుబాట్లును సక్రమముగ రావు. ఊరంతటి ఖాతాలను దొంగ చేసిన పెట్టెలో దాచి, దాని తాళపుచెవి దొంగయొద్దనే విడిచినట్లగును. రెండవది, కార్యాలయమంతటికి నొకే పాస్‌వర్డు నుంచి, దానిని తెరప్రక్కన నంటించుట. అట్టిచోట తప్పు జరిగినప్పుడు చేసినవా డెవడో తెలియక, నిర్దోషియైన గుమాస్తా నిందల పాలగును. ప్రతివానికి వాని పేర వాని తాళపుచెవి యుండుట యజమానునికి మేలు, సేవకునికి రక్ష. మూడవది, సరకు పంపువారి బ్యాంకు ఖాతా మాఱినదని ఈమెయిలు వచ్చినచో, ముందునుండి తెలిసిన సంఖ్యకు ఫోను చేసి వారి నోట వినక సొమ్ము పంపరాదు.

చిన్న సూచనలను లెక్కచేయని ఫలము బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకు అనుభవమువలన దెలియుచున్నది. 2016 ఫిబ్రవరి నెలలో దుండగులు ఆ బ్యాంకు కంప్యూటరులలో జొచ్చి, న్యూయార్కులోని దాని నిల్వనుండి సుమారు 95 కోట్ల డాలర్లు పంపుమని దొంగ యాదేశము లిచ్చిరి. ఆదేశములను అచ్చువేయు ప్రింటరు పనిచేయకుండుట చూచియు, సాధారణ యంత్రదోషమే యని యుద్యోగులు భావించిరి. తక్కిన యాదేశములు నడుమనే నిలిచినను, 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సు చేరెను. శ్రీలంకకు బోయిన 2 కోట్ల డాలర్లు మాత్రము, గ్రహీత పేరులో 'ఫౌండేషన్' అను మాట తప్పుగ వ్రాయబడియుండుట చూచి నడుమనున్న బ్యాంకువారు ప్రశ్నించినందున నిలిచిపోయి తిరిగి వచ్చెను. అక్షరదోషములను పట్టుకొను నుపాధ్యాయులను విసుగుకొను విద్యార్థులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక!

వాడువారి బాధ్యతనే యింతవఱకు జెప్పితిని. తయారుచేయువారిని విడిచిపెట్టుట నా యుద్దేశము కాదు. వంతెన కట్టినవాడు దాని బలమునకు పూచీపడును. సాఫ్టువేరు అమ్మువారు మాత్రము, ఎవరును చదువని పొడవైన యొప్పందములో, నష్టమునకు మేము బాధ్యులము కామని వ్రాసి చాలకాలము తప్పించుకొనిరి. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టము తయారీదారులపై దిద్దుబాట్లు పంపు బాధ్యతను మోపి, 2027 డిసెంబరు నాటికి పూర్తిగ నమలులోనికి వచ్చునట్లు నియమించెను. మన దేశమందు 2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, ఇతరుల వివరములను దనయొద్ద నుంచుకొనువాడు తగిన జాగ్రత్తలు దీసికొనవలెననియు, తీసికొననిచో 250 కోట్ల రూపాయల వఱకు జరిమానా విధింపవచ్చుననియు జెప్పుచున్నది. ఈ మార్గము సరియైనదే. తలారి తన పని చేయవలెను. అయినను చట్టము కన్నము పడిన పిమ్మట వచ్చును. గడియ ముందుగ మనము వేయవలసినదే.

"ఇందుకు ధనము కావలెను, మావంటి పాఠశాలల కెక్కడిది?" అని కొందఱు పెద్దలు నిట్టూర్చవచ్చును. నిజమే. విండోసు 10కు ఉచితముగ దిద్దుబాట్లు పంపుటను మైక్రోసాఫ్టు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణముగ ముగించినందున, పాత కంప్యూటరు లనేకము లిప్పుడు కావలి లేని యిండ్ల వంటివైనవి. అయినను వానినన్నిటిని పాఱవేయ నక్కఱలేదు. ఖర్చులేక దొరకు లినక్సు వ్యవస్థను వానిలో పెక్కింటిలో స్థాపింపవచ్చును. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలు అనేక సంవత్సరములుగ స్వేచ్ఛా సాఫ్టువేరుతోనే పాఠములు నడుపుచున్నవి. ఇక నకలు దీయుట, పాస్‌వర్డులను వేఱుచేయుట, దిద్దుబాటు వేయుట, ఫోను చేసి నిర్ధారించుకొనుట అను వానికి గావలసినది ధనముకన్న నియమము.

కావున మన పెద్దల యెదుట నొక ప్రతిపాదన నుంచుచున్నాను. ప్రతి సంవత్సరము పాఠశాల నివేదికలో జమాఖర్చులు చదువబడును. ఆడిటరు సంతకము చూపబడును. అదే నివేదికలో మూడు పంక్తులు చేర్పవలెను. దిద్దుబాట్లు రాని యంత్రములు మనయొద్ద నెన్ని యున్నవి? పత్రముల నకలును దిరిగి తెఱచి పరీక్షించిన కడపటి తేదీ యేది? ఈ పనికి బాధ్యులైనవా రెవరు? ఈ మూడు ప్రశ్నలకు సభయెదుట నేటేట జవాబు చెప్పవలసివచ్చినచో, నిర్లక్ష్యము చాలవఱకు తనంతట తానే తగ్గును. పాఠశాల కంప్యూటరులో నున్నవి పిల్లల పుట్టినతేదీలు, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలు, బీదపిల్లల ధర్మవేతనముల లెక్కలు. ఇవి యితరులు మనలను నమ్మి యొప్పగించిన సొత్తు. కానుకల పెట్టెను లెక్కించునప్పుడు చూపు శ్రద్ధ దీనియందును జూపుట మిషను సంస్థలకు మిక్కిలి తగును.

విద్యార్థులారా, నేడు మీ యిండ్లలో అమ్మమ్మకు తాతయ్యకు ఫోనుపని చేసిపెట్టుచున్నది మీరే. ఫింఛను వచ్చినదో లేదో చూచుట, కరెంటు బిల్లు కట్టుట, సందేశము చదివి వినిపించుట మీ చేతులలో నున్నది. ఇంత చిన్న వయస్సున నింత పెద్ద సొత్తునకు గృహనిర్వాహకులైన తరము మన దేశమున మునుపు లేదు. ఆ నమ్మకమును గాపాడుకొనుడు. వారి పిన్‌ను స్నేహితులకు చెప్పకుడు. వారి ఫోనులో నాటలకై తెలియని ప్రోగ్రాములు దింపకుడు. దిద్దుబాటు కోరినప్పుడు రేపని త్రోసివేయకుడు. ఒక్కొక్క ముఖ్యమైన ఖాతాకు వేఱువేఱు పొడుగైన పాస్‌వర్డు లుంచి, రెండవ తాళముగ ఓ.టి.పి.నిగాని దానివంటి మఱియొక పరీక్షనుగాని యేర్పఱచుడు. పెద్దలకు నేర్పునప్పుడు ఓర్పుతో, మర్యాదతో నేర్పుడు. మీకు అక్షరములు దిద్దించినప్పుడు వారు విసుగుకొనలేదు.

కొంచెములో నమ్మకముగ నున్నవానికే యెక్కువ యొప్పగింపబడునని మన మాదివారపు బడిలో నేర్చుకొంటిమి. తెరమీద గనబడు చిన్న దిద్దుబాటు సూచన, బీరువాలో బెట్టవలసిన యొక నకలు, పెట్టివేయవలసిన యొక దొంగఫోను, ఇవన్నియు కొంచెములే. ఆ కొంచెములయందు నిర్లక్ష్యము వలన లోకమున ఆసుపత్రులు మూతబడినవి, బ్యాంకులు దోచుకొనబడినవి, వృద్ధుల జీవితకాలపు కూడబెట్టు మాయమైనది. వానియందు శ్రద్ధ యుంచుటకు గొప్ప విద్య యక్కఱలేదు. మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, ఉపాధ్యాయులకును దేవుడు మెలకువగల మనస్సును, తొట్రుపడినవారియెడల దయగల హృదయమును అనుగ్రహించుగాక.